నడుము కాస్త పెంచమన్నారు

కుర్చీ తయారయ్యాక దాని మీద మొదట కూర్చునేది ఆమే. సోఫాలూ కుర్చీలూ బాగుచేసే ఆ షాపులో ఈ పద్ధతి ఎప్పటి నుంచి ఉందో ఎవరికీ గుర్తులేదు గానీ, మేస్త్రి ఆఖరి మేకు కొట్టి సుత్తి పక్కన పెట్టాడంటే లోపల గుడ్డ కత్తిరిస్తున్న భార్యకి పిలుపు వెళ్లాల్సిందే. ఆమె కత్తెర దించి, చేతులకంటిన పీచు దులుపుకుని వచ్చి కూర్చుంటుంది. ముందు నిటారుగా, తర్వాత వెనక్కి వాలి, ఆ తర్వాత అటూ ఇటూ ఒరిగి చూస్తుంది. ఏ స్ప్రింగు కిర్రుమన్నా, కింద నవారు ఏ మూల వదులైనా ఆమె ఒంటికి తెలిసిపోతుంది. బాగుంటే తలూపి లేస్తుంది. బాగాలేకపోతే మేస్త్రి గొణుక్కుంటూ మేకులు పీకుతాడు.

ఇంతవరకూ పనే. ఈ పనికి మేస్త్రి ఒక వేళాకోళం తగిలించాడు. అది లేకుండా ఇప్పుడు ఏ కుర్చీ షాపు గడప దాటడం లేదు.

ఆ రోజు సినిమా హాలు మేనేజరు వచ్చాడు. హాల్లో సీట్లన్నీ కొత్తగా చేయించాలి, ముందు ఒకటి చేసి చూపించమని అంతకుముందే చెప్పి వెళ్లాడు. మేస్త్రి ఆ సీటుని షాపు మధ్యలో పెట్టి, దుమ్ము లేకపోయినా ఒకసారి తుడిచి, లోపలికి చూసి కేకేశాడు.

"ఇదిగో, ఒకసారి రా."

ఆమె వచ్చి కూర్చుంది. లోపల కుట్టుమిషన్ తొక్కే మనిషి ఏం జరగబోతోందో తెలిసి కాళ్లు ఆపి తల బయటికి పెట్టాడు. ఇద్దరు పిల్లల తండ్రి అతను. సన్నగా ఉంటాడని అందరూ సూది అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే అతనే పలకడు.

"ఈవిడ మా ఆవిడ సార్. మా షాపుకి పరీక్షాధికారి కూడా," అన్నాడు మేస్త్రి. "ఈవిడ కూర్చుని లేచిందంటే ఆ కుర్చీకిక చావు లేదన్నమాటే. పెళ్లయిన కొత్తలో ఈ ఉద్యోగానికి పనికొచ్చేది కాదు సార్. పిట్టలా ఉండేది, కూర్చుంటే స్ప్రింగుకి తెలిసేది కూడా కాదు. ఏళ్ల తరబడి మేపి మేపి ఈ సైజుకి తెచ్చాను. ఈ షాపులో నేను పెట్టిన పెట్టుబడి అంతా ఇదే."

మేనేజరు పడీ పడీ నవ్వాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. జేబులోంచి ఫోను తీసి, "ఇంకోసారి చెప్పు మేస్త్రీ, మా వాళ్లకి చూపించాలి," అన్నాడు. మేస్త్రికి ఇంకేం కావాలి. ఆమెని లేచి మళ్లీ కూర్చోమన్నాడు. మళ్లీ అదంతా చెప్పాడు. ఈసారి చివర్లో, "ఈవిడ మొత్తం ఫోనులో పడాలంటే మీరు కాస్త వెనక్కి జరగాలి సార్," అని అప్పటికప్పుడు ఇంకొకటి కలిపాడు. మేనేజరు నిజంగానే రెండడుగులు వెనక్కి వేశాడు. సూది మిషన్ మీద వాలిపోయి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

"సీటు ఎలా ఉందమ్మా?" అని మేనేజరు అడగలేదు. సీటు సంగతి మేస్త్రే అడిగాడు, ఆమె తలూపింది. ముందు మొదటి వరస చేసి బిగించమని చెప్పి మేనేజరు వెళ్లిపోయాడు.

సాయంత్రం బాగుచేసిన పెద్ద సోఫా ఒకటి వ్యాను ఎక్కాలి. బరువైన వైపు ఆమె పట్టుకుంది, తేలికైన వైపు మేస్త్రి చెయ్యి వేశాడు. వ్యాను డ్రైవరు నోరెళ్లబెట్టి చూస్తుంటే, "మాకు క్రేను ఇంట్లోనే ఉంది బాబూ, అద్దెకి కూడా ఇస్తాం," అన్నాడు మేస్త్రి. ఆమె సోఫా దించి నడుము నిమురుకుంది.

షాపు మూసేముందు మేనేజరు ఆ వీడియో పంపించాడు. మేస్త్రి ఫోను ఆమె చేతిలో పెట్టి తాళం వెయ్యడానికి వెళ్లాడు. ఆమె చూసింది. ఆమెని ఆమె ఎప్పుడూ అలా చూసుకోలేదు. షాపులో అద్దం ఉంది గానీ అది మొహం వరకే. ఫోనులో ఒక పెద్ద మనిషి, చేతులు ఒళ్లో పెట్టుకుని కుర్చీ నిండా కూర్చుని ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారు. ఆ పెద్ద మనిషి ఒక్క క్షణం వాళ్లందరి మొహాలూ చూసి, ఆ తర్వాత నవ్వింది. ఆమె మళ్లీ మొదటి నుంచి చూసింది. మళ్లీ అంతే. నవ్వాలా వద్దా అని ఎదుటివాళ్లని చూసి తెలుసుకుంటున్నట్టు ఉంది ఆ మొహం.

"భలే వచ్చింది కదా," అన్నాడు మేస్త్రి తాళంచెవి జేబులో వేసుకుంటూ.

"ఆఁ," అంది ఆమె.

మర్నాడు మేస్త్రి ఫోము కొనడానికి బజారుకి వెళ్లినప్పుడు బోర్డుల పెయింటరు వచ్చాడు. చంకలో చుట్టిన పెద్ద కాగితం, చెవి మీద పెన్సిలు. షాపు బోర్డు ఎండకి వెలిసిపోయింది, కొత్తది రాయించాలని మేస్త్రి చాలాకాలంగా అంటున్న మాట నిజమే. రాయిస్తున్నాడని మాత్రం ఆమెకి తెలియదు.

"మేస్త్రి లేరా? పోనీలెండక్కా, మీరు చూసి చెప్పండి," అని కత్తిరింపుల బల్ల మీద కాగితం పరిచి, చుట్టుకుపోకుండా నాలుగు మూలలా బరువులు పెట్టాడు. కత్తెర, సుత్తి, మేకుల డబ్బా, సుద్దముక్కల పెట్టె.

కుర్చీ ఒకటి. అందులో ఆమె. పెయింటరు పని తెలిసిన మనిషి, ఆ విషయం ఒప్పుకోవాలి. ముక్కు ఆమెదే, చెవి దగ్గర ఎప్పుడూ జారే జుట్టు ఆమెదే, తల కొంచెం పక్కకి వంచే అలవాటు కూడా పట్టుకున్నాడు. మెడ కింద నుంచి మాత్రం ఒళ్లు కుర్చీ చేతుల మీంచి అటూ ఇటూ పొంగి ఉంది. బొమ్మ కింద పెద్ద అక్షరాలు: ఈవిడని మోసింది, మిమ్మల్ని మొయ్యదా?

"మేస్త్రి ఆ వీడియో పంపించారు. అది చూసి వేశాను," అన్నాడు పెయింటరు. "మొహం కుదిరింది కదక్కా?"

"కుదిరింది."

"నడుము కాస్త పెంచమన్నారు మేస్త్రి. రోడ్డు అవతల నుంచి చూసినా జోకు అందాలట. ఎంత పెంచమంటారు? ఇంతా?" పెన్సిలు చెవి మీంచి తీసి, బొమ్మ పక్కన గాలిలో ఒక గీత గీసి చూపించాడు. "లేకపోతే ఇక్కడి దాకా?"

అతని మొహంలో ఎగతాళి లేదు. అక్షరం సైజు ఎంతుండాలని అడిగినట్టే అడుగుతున్నాడు, పాపం. అందుకే ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఎగతాళి చేస్తే ఏదో ఒకటి అనొచ్చు. కొలత అడిగితే ఏమంటుంది?

"ఆయన్నే అడుగు తమ్ముడూ," అని కత్తెర తీసుకుంది. బరువు పోయేసరికి ఆ మూల కాగితం చుట్టుకుపోయి బొమ్మని సగం కప్పేసింది. ఆ పూటంతా ఆమె వెల్వెట్టు కత్తిరించింది. సుద్దగీత మీంచి కత్తెర జారి ఒక ముక్క పాడైంది కూడా. సూది అది చూసి కిమ్మనకుండా ఆ ముక్కని చిన్న దిండుకి పనికొస్తుందని పక్కన పెట్టాడు.

ఇంట్లో వాళ్లిద్దరే. నర్సుగా చేసే కూతురు పక్క ఊళ్లో ఉంటుంది, వారానికోసారి ఫోను చేస్తుంది. వీధి తలుపు ఇరుకు, ఇద్దరూ సంచులతో ఒకేసారి పట్టరు. అందుకని రోజూ ఆ తలుపు దగ్గర మేస్త్రి ఏదో ఒకటి అంటాడు, ఆమె ఏదో ఒకటి తిప్పికొడుతుంది. తలుపు వెడల్పు చేయించాలంటాడు అతను. ముందు నీ నోరు కుట్టించాలి, దారం నా దగ్గరే ఉంది అంటుంది ఆమె. ఆ రోజు అతను అన్నాడు. ఆమె సంచి పక్కకి తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది.

అన్నం తినేటప్పుడు మేస్త్రి రెండుసార్లు ఆమె మొహంలోకి చూశాడు.

"ఒంట్లో బాగాలేదా?"

"పెయింటరు వచ్చాడు."

"చూసేశావా? చెప్పొద్దన్నాను వాడికి. పైకెక్కించాక ఒక్కసారే చూపిద్దామనుకున్నా."

"నడుము పెంచమన్నావట."

"కాస్తే. రోడ్డు అవతలికి కనపడాలి కదా."

"నాకది బాగాలేదు."

"ఏం, మొహం కుదరలేదా?"

"మొహం కుదిరింది. అందుకే బాగాలేదు."

మేస్త్రి చెయ్యి కంచంలో ఆగింది. అతనికి నిజంగా అర్థం కాలేదు. అర్థమై కూడా కానట్టు నటించే రకం కాదు అతను, అంత తెలివి అతనికి లేదు. చాలాసేపు ఆలోచించి, "నువ్వూ నవ్వుతావు కదే," అన్నాడు. "ఇన్నేళ్లూ నవ్వావు కదా. నిన్న కూడా నవ్వావు."

ఆ మాట కోపం కంటే ఎక్కువగా ఆమెని బాధపెట్టింది. నవ్విన మాట నిజమే. మొదటిసారి ఈ గదిలోనే నవ్వింది. కూతురు కడుపులో ఉన్నప్పుడు, నెలలు నిండాక, తగ్గు కుర్చీలో కూర్చుని లేవలేకపోతుంటే అతను రెండు చేతులూ పట్టుకుని లాగుతూ ఏదో అన్నాడు. ఇద్దరూ మళ్లీ కుర్చీలోనే పడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వుకున్నారు. అప్పుడది ఆమె నవ్వడానికి అన్న మాట. తర్వాతెప్పుడో సూది విన్నాడు. తర్వాత బేరగాళ్లు విన్నారు. ఇప్పుడు రోడ్డు అవతలివాళ్లకి కూడా కావాలట. అది ఎప్పుడు గడప దాటిందో ఆమె చూసుకోలేదు. చూసుకోనందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

"నేనిక కూర్చోను," అంది.

"ఎక్కడ?"

"ఏ కుర్చీలోనూ. నీ పరీక్ష నువ్వే చేసుకో."

మేస్త్రి నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె కంచాలు తీసింది.

తెల్లవారి మేస్త్రి మంచం చివర కూర్చుని చొక్కా పైకెత్తి పట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే అతనికి బెల్టు కట్టేది ఆమే. పొత్తికడుపు కింద కుడిపక్కన నిమ్మకాయంత ఉబ్బు, హెర్నియా. ఆపరేషన్ చెయ్యాలన్నాడు డాక్టరు. కత్తి పేరెత్తితేనే మేస్త్రికి చెమటలు పడతాయి. మందుల షాపు బెల్టు ఒరుసుకుంటోందంటే ఆమె షాపులో మిగిలిన నవారుతో, ఫోము ముక్కతో తనే ఒకటి కుట్టింది. ఉబ్బుని వేళ్లతో నెమ్మదిగా లోపలికి ఒత్తి, దాని మీద ఫోము ఆనించి, నవారు చుట్టి బిగించాలి. ఒక చేత్తో అయ్యే పని కాదు. ఈ సంగతి సూదికి తెలియదు, కూతురికి తెలియదు. బరువులు ఎత్తొద్దన్నందుకే షాపులో బరువైన వైపు ఆమె పడుతుంది. క్రేను సంగతి అది.

ఆమె కట్టింది. మామూలు కంటే ఎక్కువా బిగించలేదు, తక్కువా బిగించలేదు.

"కోపమా?" అన్నాడు మేస్త్రి చొక్కా దించుకుంటూ.

"గుండీలు తప్పు పెట్టుకున్నావు," అంది ఆమె.

తర్వాత రెండు మూడు రోజులు షాపులో పని జరిగింది గానీ ప్రాణం పోయినట్టుంది. మొదటి వరస సీట్లు ఒక్కొక్కటీ తయారవుతున్నాయి. పాత గుడ్డ చీల్చడం, తుప్పు పట్టిన స్ప్రింగులు తీసి కొత్తవి కట్టడం, నవారు లాగి మేకులు కొట్టడం, పీచు, దాని మీద ఫోము, దాని మీద ఎర్ర వెల్వెట్టు. ఆఖరి మేకు కొట్టగానే అలవాటుగా మేస్త్రి నోరు తెరుస్తాడు, మళ్లీ మూసుకుంటాడు. తనే కూర్చుంటాడు. కూర్చుని ఇటూ అటూ కదిలి, ఏం తెలుసుకోవాలో తెలియక లేస్తాడు. సూది రెండోరోజు ఉండబట్టలేక, "అక్క కూర్చోదా?" అన్నాడు. "నాకు గుడ్డ కత్తిరించే పనుంది," అని లోపల్నుంచి ఆమే చెప్పింది. సూది మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి పెదవుల మధ్య మేకులు పెట్టుకున్నాడు కనుక జవాబు చెప్పే పని తప్పింది.

కూరగాయల కొట్టు దగ్గర ఆమె సంచి పట్టుకుని నిలబడి ఉంటే, ఎన్నాళ్లుగానో తెలిసిన కొట్టువాడు తన స్టూలు ముందుకి జరిపి, "ఒకసారి కూర్చోండమ్మా, ఈ స్టూలు నిలుస్తుందో లేదో తేలిపోతుంది," అన్నాడు. పక్కన బంగాళాదుంపలు ఏరుతున్న ఇద్దరు ఆడవాళ్లు తలెత్తి ఆమెని పై నుంచి కింది దాకా చూసి నవ్వారు. ఆ వీడియో వాళ్ల ఫోనుల్లోకి కూడా వచ్చిందన్నమాట. ఆమె తీసుకున్న టమాటాలు మళ్లీ బుట్టలో పెట్టి వచ్చేసింది. దారిలో రెండుసార్లు షాపుల అద్దాల్లో తన ఒళ్లు కనపడింది, రెండుసార్లూ మొహం తిప్పుకుంది. ఏ ఇరవై ఏళ్ల పిల్లో అయితే ఇంటికెళ్లి ఏడ్చేది. ఆమె షాపుకెళ్లి వెల్వెట్టు కత్తిరించింది.

అదే రోజు కూతురు ఫోను చేసి, "అమ్మా, వీడియో చూశాను, నాన్న భలే అన్నారు," అని నవ్వింది. ఆమె ఫోను మేస్త్రికి ఇచ్చేసింది. మేస్త్రి కూతురితో అవునూ కాదూ అని మాత్రం అన్నాడు. అతను అంత తక్కువ మాట్లాడ్డం ఆమె ఎప్పుడూ వినలేదు. ఇల్లు బోసిగా ఉంది. నిజం చెప్పాలంటే ఆమెకి కూడా ఏం తోచడం లేదు. మాటకి మాట తిప్పికొట్టడానికి నాలుక దురద పెడుతోంది, కానీ ఎదురుగా మాట రావడం లేదు.

సీట్లు బిగించే రోజు వ్యానులో ముగ్గురూ హాలుకి వెళ్లారు. పొద్దుటి పూట ఆట లేదు, లైట్లన్నీ వేసి ఉన్నాయి. వెలుగులో హాలు చాలా పాతగా కనిపించింది. సూది మరలు తిప్పాడు, మేస్త్రి వంగి సరిచూశాడు, బరువంతా ఆమె మోసింది. తెర ముందు ఎర్రటి వరస ఒకటి నిలబడ్డాక మేనేజరు వచ్చాడు. ఒక్కడే రాలేదు. టిక్కెట్లిచ్చే ఆవిడ, టార్చి పట్టుకుని దారి చూపించే ముసలాయన, కాఫీ కౌంటరు వాళ్లు, ఊడ్చేవాళ్లు అందరూ వెనక వచ్చి నిలబడ్డారు. మేనేజరు చేతిలో ఫోను అప్పటికే పైకి లేచి ఉంది.

"వీళ్లు వీడియోలో చూశారు, ఎదురుగా చూస్తామని గొడవ. ఇక కానివ్వు మేస్త్రీ," అన్నాడు.

మేస్త్రి గతుక్కుమన్నాడు. వాళ్ల వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. అతని అలవాటు అతన్ని లాగింది. ఇంతమంది ఎదురుగా ఉంటే ఆగగలిగిన మనిషి కాదు. చెయ్యి ఆమె వైపు చాచి, "ఇదిగో..." అన్నాడు.

"ఇవాళ మీరు కూర్చోండి," అంది ఆమె.

బయటివాళ్ల ముందు ఆమె అతన్ని ఎప్పుడూ మీరనే అంటుంది. కొత్తేమీ కాదు. అయినా మేస్త్రికి అది కొత్తగా వినపడింది. జనం చప్పట్లు కొట్టారు. అతను వెళ్లి మధ్య సీట్లో కూర్చున్నాడు.

"ఇది ఇంకా బాగుంది," అన్నాడు మేనేజరు ఫోను ఆమె మీదికి తిప్పుతూ. "ఇన్నాళ్లూ ఆయన చెప్పారు, మీరు వింటున్నారు. ఇవాళ మీ వంతు. మేస్త్రి గురించి మీరొక మాట చెప్పాల్సిందే."

"చెప్పండమ్మా, వదలొద్దు," అంది టిక్కెట్లావిడ.

ఆమె మేస్త్రిని చూసింది. పొద్దుటి నుంచి వంగీ లేచీ పనిచేశాడు, బెల్టు పక్కకి జరిగినట్టుంది. కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాడు. ఎవరికీ తెలియకుండా ముంజేతిని పొత్తికడుపు కింద ఆనించి ఒత్తుకుంటున్నాడు. చొక్కా కింద నవారు అంచు గీతలా తేలింది. అందరూ అతన్నే చూస్తున్నారు గానీ ఆ గీత ఆమెకొక్కతెకే కనిపిస్తోంది.

మాట దానంతటదే వచ్చేసింది. ఆమె వెతకలేదు కూడా. కుర్చీకి కింద నవారు, కూర్చున్నాయనకి పైన నవారు, రెండూ బిగించేది నేనే. అంతే. ఇంకేం కలపక్కర్లేదు. టార్చి ముసలాయన కూడా కింద పడి దొర్లుతాడు. ఏంటమ్మా ఆ నవారు అని అడుగుతారు, ఆమె చెప్తుంది, లేకపోతే చొక్కా కొంచెం ఎత్తి చూపిస్తుంది. ఫోనులో అంతా పడుతుంది. సాయంత్రానికి కూరగాయల కొట్టు దాకా వెళ్తుంది. ఇన్నేళ్లదీ ఒక్క దెబ్బతో తీరిపోతుంది. మాట నాలుక చివర ఉంది. ఆమె పెదవులు కదిలాయి కూడా.

మేస్త్రి అది చూశాడు. ఇన్నేళ్ల కాపురం, ఆమె ఏం అనబోతోందో అతనికి తెలిసిపోయింది. మొహం పాలిపోయింది. చేతిని అక్కణ్ణుంచి తియ్యలేడు, ఉంచలేడు. అందరూ ఒకేసారి నవ్వడానికి ఊపిరి బిగబట్టి చూస్తుంటే మధ్యలో కూర్చోవడం ఎలా ఉంటుందో ఆ మొహానికి అప్పుడే తెలిసింది. లేచి పారిపోవడానికి లేదు, కూర్చోవడానికే పెట్టిన కుర్చీ అది. అలాగే కళ్లు ఆర్పకుండా ఆమెని చూస్తూ ఉండిపోయాడు.

ఆమెకి ఆ మొహం తెలుసు. ఫోనులో రెండుసార్లు చూసింది.

ఆమె వెళ్లి సీటు పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. కిందికి చెయ్యి పోనిచ్చి, మూల నుంచి మూలకి నవారంతా తడిమింది.

"సీటు బాగుంది," అంది లేస్తూ. "మా మేస్త్రి చేతిపని గట్టిది. ఈ చివర ఒక్క మేకు పైకి లేచింది, కొట్టేస్తాను. సూదీ, సుత్తి ఇలా ఇవ్వు."

జనం ఇంకా ఏదో వస్తుందని ఆగారు. ఆమె మేకు కొట్టింది. అంతే. మేనేజరు ఫోను నెమ్మదిగా దించాడు. "పోనీ మేస్త్రీ, నీదే చెప్పు, ఆ మేపిన సంగతి. ఊరికే వచ్చినట్టవుతుంది వీళ్లంతా," అన్నాడు.

"అది చెప్పను సార్," అన్నాడు మేస్త్రి. "మీ ఫోనులో ఉన్నది కూడా తీసేయండి."

"ఇప్పుడెక్కడ మేస్త్రీ, అందరికీ పంపేశాను. వాళ్లు ఇంకెవరికి పంపారో."

టిక్కెట్లావిడ ఆమె వైపు ఒకసారి చూసి, ఏమనుకుందో, "పదండి, పనుంది," అని మిగతావాళ్లని తీసుకుని వెళ్లిపోయింది. హాలు ఖాళీ అయ్యాక మేస్త్రి లేవబోయాడు, లేవలేకపోయాడు. కుర్చీ వీపు పరీక్షిస్తున్నట్టు ఆమె వెనక్కి వెళ్లి అతని చంక కింద చెయ్యి వేసింది. సూదికి మరలు ఏరుకునే పనిలో ఇదేమీ కనపడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మేస్త్రి పెయింటరు షెడ్డు దగ్గర వ్యాను ఆపించాడు. ఆమె వ్యానులోనే ఉంది. షెడ్డు తలుపు తెరిచే ఉంది కాబట్టి అంతా వినపడింది. బోర్డు తయారై గోడకి ఆనించి ఉంది, నడుము బాగానే పెంచాడు.

"దీన్ని మార్చాలి," అన్నాడు మేస్త్రి.

"ఇంకా పెంచాలా?"

"పెంచొద్దు. తీసెయ్."

"తగ్గించాలంటే చుట్టూ రంగు మళ్లీ వెయ్యాలి మేస్త్రీ. ఎంత తగ్గించను?"

"తగ్గించడం కాదయ్యా, మనిషినే తీసెయ్. ఆ రాతా తీసెయ్. కుర్చీ ఒక్కటి చాలు, కింద షాపు పేరు రాయి."

పెయింటరు మేస్త్రినీ వ్యానునీ మార్చి మార్చి చూశాడు. ఎందుకని అడగలేదు. వెడల్పు కుంచె తెల్లరంగులో ముంచి పై నుంచి మొదలుపెట్టాడు. ముందు జుట్టు పోయింది, తర్వాత కళ్లు. మొహం పోతుంటే ఆమెకి ఏదో చివుక్కుమంది. ఇంతకాలంలో ఆమె బొమ్మ ఎవరైనా వేశారంటే అతనొక్కడే. మొహం నిజంగా బాగా వేశాడు. ఆ మాట అతనితో ఒకసారి చెప్పాలనుకుంది. అప్పటికి మేస్త్రి వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. తలుపు దగ్గర మేస్త్రి పక్కకి నిలబడి ఆమెని ముందు వెళ్లనిచ్చాడు, ఏమీ అనలేదు. మంచం చివర కూర్చుని చొక్కా ఎత్తాడు. ఆమె బెల్టు విప్పింది. నవారు అంచు ఒరుసుకుని చర్మం ఎర్రగా కందింది. నూనె రాసింది.

"నోటి దాకా వచ్చింది నీకు," అన్నాడు మేస్త్రి. "చూశాను నేను."

"వచ్చింది."

"మరెందుకు అనలేదు?"

ఆమె నూనె సీసా మూత బిగించింది. "నీ ఒళ్లు నా ఒక్కదానికే తెలుసు. అది ఇంట్లో మాట. పదిమందిలో పెడితే నువ్వెక్కడ దాక్కుంటావు?"

మేస్త్రి తల వంచుకున్నాడు. క్షమించమని అడగడం అతనికి చేతకాదు, ఎప్పుడూ అడిగిన మనిషి కాదు. బెల్టు చేతిలోకి తీసుకుని నవారుని వేళ్లకి చుట్టాడు, విప్పాడు. "నువ్వెక్కడ దాక్కున్నావు మరి, ఇన్నేళ్లూ?" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నవ్వులో," అంది ఆమె.

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు.

"ఇంతకీ ఏంటది?" అన్నాడు మేస్త్రి.

"ఏది?"

"నువ్వు అనబోయింది."

ఆమె చెప్పింది. కుర్చీకి కింద, కూర్చున్నాయనకి పైన. మేస్త్రి ఒక్క క్షణం అలా చూసి, నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వితే ఉబ్బు నొప్పెడుతుంది, రెండు చేతులతో ఒత్తి పట్టుకుని మరీ నవ్వాడు. "అమ్మో, నాదాని కంటే ఇదే బాగుంది," అని కళ్లు తుడుచుకున్నాడు. ఆమె, "వచ్చే వారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, ఈసారి నీ మాట వినను," అంది. అతను వద్దనలేదు.

ఆమె అతని పక్కన మంచం మీద కూర్చుంది. మంచం గట్టిగా కిర్రుమని అటువైపు కుంగింది, మేస్త్రి ఆమె మీదికి జారాడు. అతని నోరు తెరుచుకుంది. వెంటనే మూతపడింది. దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా బిక్కమొహం వేసి గోడ వైపు చూశాడు.

ఆమె అతని గడ్డం పట్టి తనవైపు తిప్పుకుంది.

"అను," అంది.

"ఏం లేదు."

"నాకు తెలుసులే. అను."

"వద్దు. ఇక అనను."

"ఇక్కడ ఎవరున్నారు, అను."

మేస్త్రి లేచాడు. చొక్కా గుండీలు విప్పి ఉండగానే వెళ్లి వీధి తలుపు మూశాడు, గడియ పెట్టాడు, కిటికీ రెక్కలు కూడా దగ్గరికి లాగాడు. వచ్చి మళ్లీ పక్కన కూర్చుని, ఆమె చెవి దగ్గరికి వంగి, మెల్లగా అన్నాడు. ఆమె నవ్వింది, నవ్వుతూ అతని భుజం మీద ఒక్కటిచ్చింది, మంచం ఇంకా గట్టిగా కిర్రుమంది. ఏమన్నాడో నేను చెప్పను. అది వాళ్లింట్లో మాట.